భూమ్యాకాశాల బిడ్డ – టైటానియం

ప్రవేశిక

లోహాలతో మానవుని అనుబంధం నాగరికత అంత ప్రాచీనమైనది. రాగి, కంచు, ఇనుము ఒక్కొక్క యుగానికి పేరుగా నిలిచాయి. ఆ వరుసలో ఎంతో ఆలస్యంగా వచ్చి, ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో విమానాలకు బలాన్ని, విరిగిన ఎముకలకు ఆధారాన్ని ఇచ్చిన లోహం టైటానియం. దాని స్వభావాన్ని, ఆ స్వభావం వల్ల మానవునికి కలిగిన కష్టాన్ని, చేకూరిన ప్రయోజనాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

నామకరణం

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఒక వాగులో నల్లని ఇసుకను చూశాడు. ఖనిజాలను పరిశీలించడం ఆయనకు అభిరుచి. ఆ ఇసుక అయస్కాంతానికి అంటుకొంటున్నది. పరీక్షించగా అందులో ఇనుముతో పాటు అంతవరకు ఎవరికీ తెలియని మరొక లోహపు ఆక్సైడు ఉన్నట్లు తేలింది. నాలుగేళ్ల తరువాత, 1795లో, జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు మార్టిన్ హైన్రిక్ క్లాప్రోత్ రూటైల్ అనే మరొక ఖనిజంలో అదే మూలకాన్ని స్వతంత్రంగా గుర్తించి, దానికి టైటానియం అని పేరు పెట్టాడు.

గ్రీకు పురాణాలలో టైటన్లు భూదేవికి, ఆకాశదేవునికి పుట్టిన సంతానం. మన వైదిక వాఙ్మయంలోని ద్యావాపృథివుల వంటి జంట ఆ తల్లిదండ్రులు. గుణాలు ఇంకా తెలియని పదార్థానికి గుణాన్ని సూచించే పేరు పెట్టడం తగదని భావించి క్లాప్రోత్ పురాణాన్ని ఆశ్రయించాడు. ఆయన చూసినది ఆక్సైడు రూపమే గాని శుద్ధమైన లోహం కాదు. అయినా కాలక్రమంలో అది సార్థక నామధేయమైంది. నేలపై ఇసుకలో దాగిన ఆ లోహమే తరువాత విమానమై ఆకాశానికి ఎగసింది.

సమృద్ధి ఉన్నా దుర్లభమే

టైటానియం అరుదైన మూలకం కాదు. భూమి పై పొరలోని మూలకాలలో పరిమాణాన్ని బట్టి దానిది తొమ్మిదవ స్థానం. మనకు చిరపరిచితమైన రాగి, సీసం, తగరం, జింకు నాలుగింటినీ కలిపినా దానితో సరితూగవు. కేరళలోని చవర, తమిళనాడులోని మనవాళకురిచ్చి, ఒడిశాలోని ఛత్రపురం, ఆంధ్రప్రదేశ్‌లోని భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఉంది. సముద్రపు ఒడ్డున నడిచేవారికి అలలు వెనుదిరిగిన చోట నల్లని చారలుగా కనిపించే బరువైన ఇసుకలో తరచుగా ఉండేది ఈ ఖనిజమే.

ఇంత సమృద్ధిగా ఉన్న లోహం శతాబ్దానికి పైగా మానవునికి చిక్కకపోవడానికి కారణం ఆక్సిజన్‌తో దానికి గల గాఢమైన మైత్రి. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే ఆక్సిజన్ బొగ్గుతో కలిసి వెళ్లిపోతుంది, ఇనుము మిగులుతుంది. మన గ్రామాలలోని కమ్మరులకు కూడా తెలిసిన ఈ ఉపాయం టైటానియం విషయంలో పనిచేయదు. బొగ్గుతో కాలిస్తే అది బొగ్గుతోనే కలిసి పెళుసైన కార్బైడుగా మారుతుంది. గాలిలో కరిగించబోతే గాలిలోని ఆక్సిజన్‌ను, నత్రజనిని కూడా తనలో చేర్చుకొని పెళుసుబారిపోతుంది. నత్రజనిలో సైతం మండగల కొద్ది మూలకాలలో ఇది ఒకటి.

కావ్యరసాన్ని అందుకొనే తీరును బట్టి మన ఆలంకారికులు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని భేదాలు చెప్పారు. నోట వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్ష. తొక్క ఒలిస్తే చాలు, అందేది అరటి. పీచు ఒలిచి, చిప్ప పగులగొడితే గాని అందనిది కొబ్బరి. లోహాలలో బంగారం ద్రాక్ష వంటిది. నేలలో శుద్ధంగానే దొరుకుతుంది. ఇనుము అరటి వంటిది. టైటానియం నిస్సందేహంగా నారికేళం.

ఆ చిప్పను పగులగొట్టడానికి చాలా కాలం పట్టింది. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ సోడియం సహాయంతో తొలిసారిగా 99.9 శాతం శుద్ధమైన టైటానియాన్ని సాధించాడు. కాని ఆ పద్ధతి పెద్ద ఎత్తున ఉత్పత్తికి అనువు కాలేదు. లక్సెంబర్గ్ దేశీయుడైన విలియం క్రోల్ 1930లలో మెగ్నీషియంతో మరొక మార్గాన్ని కనుగొన్నాడు. ముందుగా ఖనిజాన్ని బొగ్గు సమక్షంలో క్లోరిన్ వాయువుతో వేడిచేస్తారు. అప్పుడు టైటానియం టెట్రాక్లోరైడు ఏర్పడుతుంది. దానిని శుద్ధి చేసి, గాలి చొరబడని పాత్రలో, ఏ పదార్థంతోనూ కలవని ఆర్గాన్ వాయువు నడుమ, కరిగిన మెగ్నీషియంతో కలుపుతారు. మెగ్నీషియం క్లోరిన్‌ను లాక్కొంటుంది. మిగిలిన టైటానియం రంధ్రాలతో నిండి, స్పంజి వలె ఉంటుంది; అందుకే దానికి టైటానియం స్పంజి అని పేరు. దానిని ముక్కలు చేసి, అచ్చుగా అదిమి, గాలి తీసివేసిన కొలిమిలో విద్యుత్తుతో కరిగిస్తే లోహపు దిమ్మె తయారవుతుంది.

1948 నుండి ఈ పద్ధతిలో వాణిజ్యపరమైన ఉత్పత్తి మొదలైంది. కనుగొన్ననాటికి, వాడుకలోకి వచ్చిన నాటికి నడుమ 157 సంవత్సరాలు గడిచాయన్నమాట. నేటికీ ప్రధానంగా అనుసరిస్తున్నది క్రోల్ పద్ధతినే. ఒక్కొక్క విడతకు రోజులు పడుతుంది. విద్యుత్తు అపారంగా ఖర్చవుతుంది. టైటానియం ఖరీదు ఖనిజం ఖరీదు కాదు, ఆ శ్రమ ఖరీదు. అందుచేతనే తవ్వి తీసిన టైటానియం ఖనిజంలో అత్యధిక భాగం లోహంగా మారకుండా, రంగులకు, కాగితానికి తెల్లదనాన్నిచ్చే టైటానియం డయాక్సైడుగానే వినియోగమవుతున్నది.

గుణ విశేషాలు

టైటానియం పరమాణు సంఖ్య 22. ఒక ఘన సెంటీమీటరు ఇనుము సుమారు 7.9 గ్రాములు తూగితే, అంతే పరిమాణం గల టైటానియం 4.5 గ్రాములు మాత్రమే తూగుతుంది. అల్యూమినియం 2.7 గ్రాములతో ఇంకా తేలికైనదే. కాని అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది; దాని మిశ్రమాలు 200 డిగ్రీలు దాటకముందే బలాన్ని కోల్పోసాగుతాయి. టైటానియం ద్రవీభవన స్థానం 1668 డిగ్రీలు.

శుద్ధమైన బంగారం మెత్తనిది కనుక నగ చేయడానికి కొంత రాగి కలుపుతారు. అదే విధంగా టైటానియానికి బలం చేకూర్చడానికి ఇతర లోహాలను కలుపుతారు. వాటిలో ప్రసిద్ధమైనది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమలోహం. 1950లలో రూపొందిన ఈ మిశ్రమం తేలికదనంలో టైటానియానికి తీసిపోదు. బలంలో అనేక రకాల ఉక్కులకు దీటు. విమానాలలోను, శస్త్రచికిత్సలోను ఎక్కువగా వాడేది దీనినే.

అన్నిటికంటె ముఖ్యమైనది తుప్పు పట్టకపోవడం. ఇక్కడ ఒక చిత్రమైన విషయం ఉంది. ఆక్సిజన్ అంటే ఇంత మక్కువ గల లోహం ఇనుము కంటె వేగంగా తుప్పు పట్టాలి కదా! కాని టైటానియం ఉపరితలం గాలి సోకిన మరుక్షణమే ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం గల పలుచని పొరను ఏర్పరుస్తుంది. ఇనుప తుప్పు పొరలు పొరలుగా రాలిపోయి లోపలి లోహాన్ని బయటపెడుతుంది. టైటానియం పొర మాత్రం గట్టిగా అంటిపెట్టుకొని లోపలి లోహానికి కవచమవుతుంది. గీత పడితే మరల తనంతట తానే పూడుకొంటుంది. ఏ స్వభావం వల్ల ఖనిజం నుండి టైటానియాన్ని వేరుచేయడం దుస్సాధ్యమైందో, ఆ స్వభావమే వాడుకలో దానికి రక్ష.

గగనతలంలో

విమానానికి ప్రతి కిలోగ్రాము బరువూ ఇంధనపు ఖర్చే. బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు, వేడికి తాళాలి. ఈ మూడింటికి తొలి గొప్ప పరీక్ష 1964 డిసెంబరులో తొలిసారి ఎగిరిన ఎస్.ఆర్.-71 బ్లాక్‌బర్డ్ అనే అమెరికా నిఘా విమానం. ధ్వని వేగానికి మూడింతల వేగంతో పోయే ఆ విమానపు పైపొర గాలి ఒరిపిడికి 300 డిగ్రీల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి వేడెక్కేది. అల్యూమినియం ఆ వేడికి నిలువదు. కాబట్టి ఆ విమాన నిర్మాణంలో అత్యధిక భాగాన్ని టైటానియం మిశ్రమాలతో చేశారు. అప్పటి ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అమెరికా అందుకు కావలసిన టైటానియంలో చాలా భాగాన్ని మధ్యవర్తి సంస్థల చాటున సోవియట్ యూనియన్ నుండే తెచ్చుకొన్నది. ఎవరిపై నిఘా వేయవలసి ఉన్నదో వారి గనుల లోహంతోనే ఆ విమానం తయారు కావడం చరిత్రలోని విచిత్రం.

ఆ కర్మాగారంలోని నిపుణులకు టైటానియం ఎన్నో పాఠాలు నేర్పింది. కాడ్మియం పూత గల పనిముట్లతో బిగించిన మరల తలలు వేడికి ఊడిపోయాయి. శీతకాలంలో అతికిన పలకలు చక్కగా నిలువగా, వేసవిలో అతికినవి త్వరగా చెడిపోయాయి. కారణం వెదకగా, నాచు పట్టకుండా వేసవిలో నగరపు నీటిలో ఎక్కువగా కలిపే క్లోరిన్ అని తేలింది. పలకలను శుద్ధజలంతో కడగడం మొదలుపెట్టిన తరువాత గాని ఆ చిక్కు తీరలేదు.

నేడు ప్రయాణికుల విమానాలలో సైతం టైటానియానికి ప్రముఖ స్థానం ఉంది. జెట్ ఇంజను ముందు భాగంలోని పంకాలు, గాలిని అదిమే చక్రాలు, రెక్కలు చేసే రేకులు ఎక్కువగా ఈ మిశ్రమాలతోనే చేస్తారు. ఇంజను వెనుక భాగంలో మంటకు ఎదురుగా ఉండే టర్బైనుకు మాత్రం ఇది పనికిరాదు. సుమారు 600 డిగ్రీలు దాటితే టైటానియం మిశ్రమాల బలం సన్నగిల్లుతుంది. ఆక్సిజన్ లోపలికి చొచ్చుకొని పోతుంది. అక్కడ నికెల్ మిశ్రమాలు వాడతారు.

2009లో తొలిసారి ఎగిరిన బోయింగ్ 787 విమానంలో బరువును బట్టి టైటానియం దాదాపు 15 శాతం. దాని దేహంలో కార్బన్ నార కలిసిన పదార్థం అధికం. కార్బన్‌కు తగిలిన అల్యూమినియం తేమలో త్వరగా క్షయిస్తుంది. టైటానియానికి ఆ బెడద లేదు. ఈ విధంగా కొత్త పదార్థాలు రావడం వల్ల టైటానియం అవసరం తగ్గకపోగా పెరిగింది.

ఆవగింజంత లోపం

ఇంత మేలైన లోహమైనా, తయారీలో ఏమరుపాటును క్షమించదు. 1989 జులై 19న అమెరికాలోని డెన్వర్ నుండి షికాగోకు బయలుదేరిన యునైటెడ్ 232 విమానంలో 296 మంది ఉన్నారు. ఆకాశంలో దాని తోక భాగపు ఇంజనులోని టైటానియం పంకా చక్రం పగిలిపోయింది. ఆ ముక్కల వల్ల విమానాన్ని అదుపు చేసే మూడు ద్రవపీడన వ్యవస్థలూ దెబ్బతిన్నాయి. చోదకులు మిగిలిన రెండు ఇంజనుల వేగాన్ని హెచ్చించి తగ్గిస్తూ, విమానాన్ని సూ సిటీ విమానాశ్రయానికి చేర్చగలిగారు. నేలను తాకే వేళ విమానం విరిగి మంటలు చెలరేగాయి. 112 మంది మరణించారు. 184 మంది బతికి బయటపడ్డారు.

దర్యాప్తులో అసలు కారణం బయటపడింది. పదిహేడేళ్ల పైచిలుకు క్రితం ఆ చక్రానికి కావలసిన లోహాన్ని కరిగించినప్పుడు నత్రజని కలిసిన ఒక గట్టి, పెళుసు భాగం అందులో మిగిలిపోయింది. ఆ లోపం ఆవగింజ పాటిది. అక్కడ మొదలైన సన్నని పగులు ప్రతి ప్రయాణంలోను కొంత కొంత పెరిగింది. తనిఖీలలో అది పట్టుబడలేదు. గాలిలోని నత్రజనిని తనలో చేర్చుకొనే టైటానియం స్వభావమే ఇక్కడ ప్రాణాంతకమైంది. ఇంజను చక్రాలకు వాడే లోహాన్ని శూన్యంలో పలుమార్లు కరిగించడం, తనిఖీలను కట్టుదిట్టం చేయడం ఇటువంటి అనుభవాల ఫలితమే. శుద్ధి అన్నది లోహానికి అలంకారం కాదు, ప్రాణం.

దేహంలో

పోయిన అవయవానికి మారుగా లోహాన్ని అమర్చాలన్న ఊహ చాలా పాతది. యుద్ధంలో కాలు పోగొట్టుకొన్న విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలును అమర్చినట్లు ఋగ్వేదంలో ఉంది. ఆ ఊహ శరీరం వెలుపలి అవయవానికి చెందినది. దేహం లోపల లోహాన్ని నిలపడం అంతకంటె కష్టం. రక్తం ఉప్పదనం గల ద్రవం. లోహాలకు అది సముద్రజలం వంటిదే. పైగా పరాయి వస్తువును దేహం సహించదు. దాని చుట్టూ మెత్తని కణజాలంతో గోడ కట్టి వేరుచేస్తుంది.

1952లో స్వీడన్ దేశంలోని లుండ్‌లో పెర్ ఇంగ్వర్ బ్రానెమార్క్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం తొడుగు గల చిన్న పరికరాన్ని అమర్చాడు. పని పూర్తయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు. ఎముక ఆ లోహాన్ని పరాయిదిగా భావించక, దాని ఉపరితలం దాకా పెరిగి పెనవేసుకొన్నది. ఆయన ఈ విషయాన్ని విస్మరించక ఏళ్ల తరబడి పరిశోధించాడు. ఈ కలయికకు అస్థిసంధానం అని పేరు చెప్పవచ్చు. 1965లో పళ్లు లేని ఒక రోగి దవడలో టైటానియం మరలను దిగవేసి, వాటిపై కృత్రిమ దంతాలను నిలిపాడు. తోటి వైద్యులలో అనేకులు మొదట నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరాంటో సదస్సు తరువాత గాని ఆ పద్ధతికి విస్తృతమైన ఆమోదం లభించలేదు.

దేహం టైటానియాన్ని సహించడానికి కారణం పైన చెప్పిన ఆక్సైడు కవచమే. దేహద్రవాలకు తగిలేది లోహం కాదు, దేనితోనూ సులభంగా కలవని ఆ పొర. మరొక కారణం దాని వంగే గుణం. ఉక్కు ఎముక కంటె ఎంతో బిగువైనది. ఉక్కు పలక బరువంతా తానే మోస్తే పక్కనున్న ఎముకకు పని తగ్గుతుంది. పని లేని ఎముక క్రమంగా క్షీణిస్తుంది. టైటానియం బిగువు ఉక్కులో సుమారు సగం. ఎముక బిగువు కంటె ఇది కూడా ఎక్కువే అయినా, ఉక్కు కంటె మేలు.

విరిగిన ఎముకలను కలిపే పలకలు, మరలు, తుంటి కీలులో తొడ ఎముకలోకి దిగవేసే కాడ, వెన్నెముకకు ఊతమిచ్చే కడ్డీలు, పుర్రెలోని లోటును పూరించే వల, గుండె లయను సరిచేసే పేస్‌మేకరు పెట్టె – ఇవన్నీ టైటానియంతో లేదా దాని మిశ్రమాలతో చేస్తున్నారు. నికెల్, టైటానియం దాదాపు సమపాళ్లలో కలిసిన నిటినాల్ అనే మిశ్రమానికి రూపస్మృతి ఉంది. చల్లగా ఉన్నప్పుడు నొక్కి ముడిచినా, వేడి తగలగానే తన పూర్వరూపాన్ని పొందుతుంది. దానితో చేసిన సన్నని జాలీ గొట్టాన్ని రక్తనాళంలోకి పంపితే అక్కడ తానే విచ్చుకొని దారిని తెరచి ఉంచుతుంది.

పరిమితులు లేకపోలేదు. టైటానియం ఒరిపిడికి త్వరగా అరుగుతుంది. అందువల్ల తుంటి కీలులో కదిలే గోళాన్ని పింగాణీ జాతి పదార్థంతోనో, కోబాల్టు-క్రోమియం మిశ్రమంతోనో చేస్తారు. వెనేడియం విషయంలో కలిగిన సందేహాల వల్ల దాని స్థానంలో నయోబియం కలిపిన మిశ్రమం కూడా వచ్చింది. దేహంలో ఏ లోహాన్ని అమర్చినా సూక్ష్మజీవుల బెడద పూర్తిగా తొలగదు. ఇటీవలి కాలంలో లోహపు పొడిని పొరలు పొరలుగా కరిగించి, రోగి ఎముకకు సరిపోయే ఆకారంలో, ఎముక లోనికి పెరగడానికి వీలైన రంధ్రాలతో భాగాలను తయారుచేస్తున్నారు.

మన దేశంలో

ఖనిజం ఉండి కూడా మన దేశం చాలా కాలం టైటానియం స్పంజిని దిగుమతి చేసుకొన్నది. ఈ లోటును తీర్చడానికి హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల క్రోల్ పద్ధతిలో స్వదేశీ పరిజ్ఞానాన్ని రూపొందించింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆర్థిక సహాయంతో, కేరళ మినరల్స్ అండ్ మెటల్స్ సంస్థ ఆధ్వర్యంలో, చవరలో ఏడాదికి 500 టన్నుల సామర్థ్యం గల కర్మాగారం 2011లో ప్రారంభమైంది. దానితో టైటానియం స్పంజిని ఉత్పత్తి చేసే దేశాలలో భారతదేశం ఏడవదిగా నిలిచింది. స్పంజిని కరిగించి మిశ్రమలోహాలుగా మలచడంలో 1973లో హైదరాబాదులో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ కృషి ఎన్నదగినది. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాల్గవ దశలో ఇంధనాన్ని నింపే తొట్టెలు టైటానియం మిశ్రమంతో చేసినవే.

ముగింపు

టైటానియం కథలో ఆద్యంతం కనిపించేది ఒకే స్వభావం. ఆక్సిజన్‌తో దానికి గల మైత్రి గనిలో అడ్డంకి, కొలిమిలో ప్రమాదం, సముద్రంలో కవచం, దేహంలో చుట్టరికం. వస్తువు స్వభావం మారలేదు; దానిని అర్థం చేసుకొన్న కొద్దీ మానవుని నేర్పు పెరిగింది. ఊడి రాని పరికరాన్ని చూసి విసుగు చెందక కారణాన్ని ఆలోచించిన శాస్త్రజ్ఞుడు, చెడిన పలకలను చూసి నీటిని పరీక్షించిన నిపుణుడు అందుకు నిదర్శనాలు. అడ్డంకిగా తోచిన గుణంలోనే ప్రయోజనాన్ని గుర్తించగలగడం విజ్ఞానశాస్త్రం మనకు నేర్పే వివేకం.

కఠిన పదాలకు అర్థాలు

ద్యావాపృథివులు – ఆకాశం, భూమి
సార్థక నామధేయం – అర్థానికి తగిన పేరు
నారికేళం – కొబ్బరికాయ
దుస్సాధ్యం – సాధించడానికి కష్టమైనది
క్షయించు – తరిగిపోవు
అస్థి – ఎముక
రూపస్మృతి – పూర్వపు ఆకారాన్ని తిరిగి పొందే గుణం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. టైటానియం స్వభావం ఒకచోట దోషంగాను, మరొకచోట గుణంగాను ఎలా పరిణమించిందో వివరించండి.
2. విమాన నిర్మాణంలోను, వైద్యంలోను టైటానియం ఉపయోగాలను, పరిమితులను తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. టైటానియాన్ని నారికేళంతో పోల్చడంలోని ఔచిత్యం ఏమిటి?
2. 1989 నాటి విమాన ప్రమాదం నేర్పిన పాఠం ఏమిటి?
3. బ్రానెమార్క్ పరిశోధన గురించి రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టైటానియానికి ఆ పేరు పెట్టినది ఎవరు?
2. స్పంజి అనే పేరు ఎందువల్ల వచ్చింది?
3. రూపస్మృతి గల మిశ్రమలోహం ఏది?
4. చవర కర్మాగారం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?